పుల్లట్టూ పెళ్ళిబుట్టా

హానోవర్
2 ఫిబ్రవరి 2025

అన్నయ్యకి,

నమస్కారం పెట్టాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను.

ఫోను చేయొచ్చుగా అంటావు. నిన్ను బ్లాక్ చేసి ఏడాది కావస్తోంది, తీసేయడానికి మనసొప్పలేదు. అందుకని క్యూలో నిలబడి స్టాంపు కొన్నాను. జర్మనీ మొత్తం మీద ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే తెలుగువాళ్ళం మనమిద్దరమే అయ్యుంటాం.

అసలు సంగతి చెప్తాను. మన హారిక పెళ్ళి మే నెలలో, ఇక్కడే. అబ్బాయి పేరు అఖిల్, వాళ్ళది నిజామాబాద్. మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చేసి ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తున్నాడు. నీకు నచ్చుతాడా లేదా అని ఎవరూ అడగలేదు, నువ్వూ చెప్పకు. కానీ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామ. దానికి మేనమామవి నువ్వొక్కడివే. తండ్రి లేని పిల్ల, ఆ పూట మేనమామ కూడా లేకపోతే దాని మనసెలా ఉంటుందో నువ్వే ఆలోచించుకో.

అయితే హారిక ఒక షరతు పెట్టింది. మీ బావగారి మొదటి ఆబ్దికం మర్నాడు ఆయన పేరున నలుగురికి భోజనం పెట్టాను, గుర్తుందా? నువ్వు రెండు వేళ్ళతో అట్టు ఎత్తి చూసి, వాసన పీల్చి, లేచి వెళ్ళిపోయావు. రైల్లోంచి ఫ్యామిలీ గ్రూపులో రాశావు, ‘పోయినవాడి పేరున పులిసిన అట్లు పెట్టిన మొదటి తెలుగిల్లు మా చెల్లెలిది’ అని. ఆ భోజనం మా కింద ఉన్న ఇథియోపియా హోటల్లోంచి వచ్చింది. నడిపేది అస్తేర్ అనే ఆవిడ. “మామయ్య వచ్చి అస్తేర్ ఆంటీ దగ్గర కూర్చుని, ఆ రోజు వదిలేసిన భోజనం తినాలి. తింటేనే నా బుట్ట ముట్టుకోవాలి” అంటోంది నీ మేనకోడలు. నీ పోలికే, పట్టిన పట్టు వదలదు.

వదినని అడిగానని చెప్పు.

ప్రవీణ


ఎష్‌బోర్న్
9 ఫిబ్రవరి 2025

చెల్లాయి ప్రవీణకి ఆశీస్సులు. నేను పెద్దవాణ్ణి, చోటు ఖాళీగా వదిలే అలవాటు నాకు లేదు.

పెళ్ళి కబురుకి సంతోషం. షరతుకి మాత్రం నవ్వొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. మా ఆఫీసులో చల్లటి రొట్టె మీద చల్లటి చీజు పెట్టుకుని దాన్ని భోజనం అనుకునేవాళ్ళ మధ్య కూర్చుని, మీ వదిన కట్టిన పప్పన్నం డబ్బా విప్పుకుని తిన్నవాణ్ణి. ఎవరి షరతుకీ నా నాలుక మార్చుకోలేదు.

నువ్వు రాసిన మీదట ఆ ఇంజెరా అనే పదార్థం ఎలా చేస్తారో వీడియోలో చూశాను. పిండిని మూడు నాలుగు రోజులు పులియబెడతారట. మన ఇంట్లో దోసెల పిండి అంత పులిస్తే అమ్మ పెరట్లో పారబోసేది. వీళ్ళు దాన్ని తడిసిన తువ్వాలంత అట్టు పోసి, కూరలన్నీ దాని మీదే కుప్పలు పోసి, నలుగురూ ఒకే కంచంలో చేతులు పెట్టి చింపుకుని తింటారు! పప్పులో ఎంగిలి గరిటె పడిందని గిన్నెడు పప్పూ పారబోసిన ఇల్లు మనది. ఆ ఇంట్లో పుట్టిన నువ్వు నన్ను ఎంగిలి కంచానికి పిలుస్తున్నావు. పైగా మాంసం వండే వంటిల్లు.

నాకు అర్థమైంది ఒక్కటే. అన్నయ్య వస్తే నాలుగు మెతుకులు వండటం నీకు బరువైపోయింది. అది సూటిగా చెప్పక హారిక పేరు చెప్తున్నావు.

ఇంకో మాట. బుట్టకి రెండు పక్కలుంటాయి. నాకు అన్నదమ్ములు లేరు, అవతలి పక్క ఎవరు పడతారు? మీ వదిన మేనల్లుడు శ్రీచరణ్ అక్కడే చదువుతున్నాడు కానీ, వాడు వాడి బ్యాగే మోయలేడు. నా నడుముకి డాక్టరు అపాయింట్‌మెంట్ జూన్‌లో దొరికింది, పెళ్ళి అయ్యాక.

ఆలోచించి రాయి.

జనార్దనరావు


హానోవర్
16 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

వీడియో చూసి వంట రుచి చెప్పగలిగినవాడివి, పెళ్ళి కూడా వీడియోలోనే చూసుకో.

వండటం బరువైందా? మీ బావగారు పోయేదాకా మూడు పూటలా మూడు రకాలుగా వండాను. ఆ సంగతి నీకు తెలియదు, తెలుసుకునే తీరిక నీకప్పుడు లేదు. సరే, అది వదిలెయ్.

మాంసం అన్నావు. ఈ నెలాఖరు నుంచి ఈస్టర్ దాకా అస్తేర్ వాళ్ళకి ఉపవాసాలు. అన్నాళ్ళూ ఆవిడ పొయ్యి మీదకి మాంసం రాదు. పాలు, నెయ్యి కూడా ముట్టదు. మామూలు రోజుల్లో కూడా బుధ, శుక్రవారాలు అంతే. నువ్వు శనివారం ఒంటిపూట అని చెప్పి రాత్రికి నాలుగు పెసరట్లు, మీద ఉప్మా, పక్కన అల్లం పచ్చడి లాగించే ఉపవాసం కాదు వాళ్ళది. నీ మడి ముందు ఆవిడ మడి నిలబడదేమోనని బెంగపడకు, నీదే నిలబడదు.

ఎంగిలి గురించి నీతో వాదించను. మనిద్దరం అమ్మ ముందు కూర్చుంటే ఆవకాయన్నం ఒక్క బేసిన్‌లో కలిపి, నీకో ముద్ద నాకో ముద్ద చేతిలో పెట్టేది. నా వంతు ముద్ద కూడా నువ్వు లాక్కుని తినేవాడివి. అప్పుడు ఎంగిలి ఎక్కడికి పోయిందో!

మార్చి 8, శనివారం, సాయంత్రం ఆరింటికి. హారిక, అఖిల్, నేను ఉంటాం. వస్తే రా. లేకపోతే బుట్ట సంగతి నేను చూసుకుంటాను.

ప్రవీణ


ఎష్‌బోర్న్
24 ఫిబ్రవరి 2025

ప్రవీణకి,

వస్తాను. పిల్ల ముఖం చూసి వస్తున్నాను, అట్టు ముఖం చూసి కాదు.

నాకు విడిగా ఒక కంచం, ఒక చెంచా అడుగు. పెరుగు డబ్బాలో తెచ్చుకుంటాను. మీ వదిన రానంటోంది. “తిట్టుకోవడానికి మీరిద్దరు చాలు, మధ్యలో నేనెందుకండీ” అంది.

అఖిల్‌ని ఇంటర్వ్యూ చేయను. మాటిస్తున్నాను.

అన్నయ్య


ఎష్‌బోర్న్
10 మార్చి 2025

ప్రవీణకి,

క్షేమంగా చేరాను. నన్ను స్టేషన్‌లో దింపేటప్పుడు మీలో ఒక్కరూ నోరు విప్పలేదు. షరతు ప్రకారం తిన్నానా లేదా? తిన్నాను. మరి ఆ మూతిముడుపు ఎందుకు?

వచ్చాను కాబట్టి అభిప్రాయం చెప్పే హక్కు సంపాదించుకున్నాను. కుర్చీలు చూస్తే మోకాలెత్తు. బల్ల చూస్తే బల్ల కాదు, మూత ఉన్న పెద్ద గడ్డి బుట్ట. బుట్ట మోయాలంటే ముందు బుట్ట దగ్గర పరీక్ష రాయాలన్నమాట! విడిగా కంచం ఇవ్వలేదు. అడిగితే ఆవిడ నవ్వింది. అట్టు మెత్తగా, చల్లగా, చిల్లులు చిల్లులుగా ఉంది, పులుపు చెవుల్లోకి తన్నింది. షిరో అని మీరు కళ్ళు మూసుకుని ఆస్వాదించింది అచ్చంగా మన బొంబాయి చట్నీ. మనవాళ్ళు పూరీ పక్కన ఊరికే వేసేదాన్ని ఇక్కడ హోటల్ పెట్టి అమ్ముకుంటున్నారు. ఎర్రపప్పు ఫర్వాలేదు, పోపు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. కాఫీ సరేసరి. పచ్చి గింజలు మన ముందే వేయించి, ఆ పొగ మన ముక్కు దగ్గరికి తెచ్చి, పక్కన సాంబ్రాణి వేసి, మూడు విడతలు పోశారు. కాఫీ తాగానా పూజకి వెళ్ళానా తెలియలేదు.

అన్నీ సహించాను. ఆవిడ మన పక్కనే వచ్చి కూర్చుని, అట్టుముక్కలో కూర చుట్టి, తన చేత్తో నా నోటి దాకా తెచ్చింది చూడు, అక్కడ తల తిప్పేసుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి యాభయ్యారేళ్ళ మగవాడు నోరు తెరవాలా? ఆ తర్వాత చెయ్యి జిడ్డుగా ఉంటే నీళ్ళిచ్చే దిక్కు లేక, నా గ్లాసులో నీళ్ళతో కంచంలోనే కడుక్కున్నాను. నాన్న జీవితమంతా అలాగే కడుక్కున్నాడు. అక్కడి నుంచి మీ అందరికీ మాట పడిపోయింది.

ఇక బుట్ట ఏ షాపులో కొనాలో, ఎంత పొడవుండాలో రాయి.

అన్నయ్య


హానోవర్
14 మార్చి 2025

జనార్దనరావు గారికి,

నాన్న కడుక్కున్నది తన కంచంలో. నువ్వు కడుక్కున్నది ఐదుగురి కంచంలో. నీ కడుపు నిండితే లోకమంతా భోజనం ముగించినట్టేనా నీకు? కూరలన్నీ ఊరి అడుగున మెత్తబడిన ఆ అట్టే ఆ భోజనంలో అసలు రుచి. దాని కోసం అందరూ చివరిదాకా ఆగుతారు. అఖిల్ చెయ్యి అప్పుడే దాని మీద ఉంది. ఆ పిల్లాడి వేళ్ళ మీద పోశావు నీళ్ళు! నీళ్ళిచ్చే దిక్కు లేదన్నావు. అస్తేర్ కూతురు చెంబూ పళ్ళెమూ పట్టుకుని నీ వెనకే నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూసే అలవాటుంటే కదా నీకు.

అదైనా క్షమిస్తాను. నువ్వు తల తిప్పేసుకున్నది క్షమించలేను.

ఆ నోటి ముద్దని వాళ్ళు గుర్షా అంటారు. ఇష్టమైనవాళ్ళకీ, ఇంటికొచ్చిన పెద్దలకీ పెడతారు. ఎంత పెద్ద ముద్దయితే అంత ప్రేమ. వద్దంటే మొహం మీద తలుపేసినట్టే. ఆ రోజు నీకే మొదటి ముద్ద ఎందుకు పెట్టబోయిందో తెలుసా? నువ్వు ఈశ్వర్‌కి బావమరిదివని నేను చెప్పాను కాబట్టి.

ఇది నీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. నిన్ను అంతగా అసహ్యించుకుంటున్నాను ఈ పూట.

జబ్బు ముదిరాక మీ బావగారికి ముద్ద దిగేది కాదు. బయట మంచినీళ్ళు కూడా తాగని మనిషి అని మీరంతా గొప్పగా చెప్పుకునే ఆ మనిషి, నా చేతి చారన్నం చూస్తేనే గోడ వైపు తిరిగేవారు. నేను మందుల షాపుకి వెళ్ళొచ్చేసరికి ఒక రోజు అస్తేర్ ఆయన మంచం మీద కూర్చుని ఉంది. తనకి వచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో ఏవో కబుర్లు చెప్తూ, షిరోలో నానబెట్టిన ఇంజెరా గోరంత గోరంత ఆయన నోట్లో పెడుతోంది. ఆయన తింటున్నారు. మందుల సంచీతో గుమ్మంలోనే నిలబడి చూశాను అన్నయ్యా. నేను పెట్టేటప్పుడు నా చూపంతా ఆయన గొంతు మీద ఉండేది, మింగుతారా మింగరా అని. ఆవిడ అలా చూసేది కాదు. చివరిదాకా ఆవిడ చేత్తోనే తిన్నారు. ఆఖరి ముద్ద కూడా అదే. అందుకే ఆబ్దికం మర్నాడు ఆయన తిన్న భోజనమే నలుగురికీ పెట్టాను. దానికే నువ్వు వాసన చూసి లేచిపోయావు.

“మనవాళ్ళకి చెప్పకు, ముఖ్యంగా మీ అన్నయ్యకి. నవ్వుతాడు” అన్నారాయన.

బుట్ట కొలతలు నీకు అక్కర్లేదు.

ప్రవీణ


ఎష్‌బోర్న్
19 మార్చి 2025

ప్రవీణకి,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నీకు సంతోషమా?

బావ నన్ను గురించి అలా అన్నాడా. అంటాడులే. నేను నవ్వేవాణ్ణేమో కూడా.

కానీ తెలుసుకునే తీరిక లేదన్నావు చూడు, అది అబద్ధం. నేను టిక్కెట్టు కొనుక్కుని ఫోను చేస్తే “ఇప్పుడొద్దు అన్నయ్యా, నేను చూసుకుంటాను” అన్నది నువ్వు. నేను నమ్మాను. వద్దన్న ఇంటికి ఎలా వస్తాను? నువ్వు వద్దంటే రమ్మని అర్థమని నాకెవరు చెప్పారు? ఆయన నాతో చెప్పొద్దన్నాడని నువ్వు చెప్పలేదు, నువ్వు రావద్దన్నావని నేను రాలేదు. తప్పంతా నా నోటిదే అంటే ఒప్పుకోను.

అఖిల్‌కి క్షమాపణ చెప్పానని చెప్పు. మిగతావాళ్ళకి ఏ భాషలో చెప్పాలో నాకు తెలియదు.

బుట్ట శ్రీచరణ్ చేతా, ఇంకెవరైనా స్నేహితుడి చేతా మోయించండి. పిలిస్తే వచ్చి వెనక వరసలో కూర్చుంటాను. పిలవకపోతే ఇక్కడి నుంచే అక్షింతలు వేస్తాను.

ఒక్కటి మాత్రం మారదు. అది పుల్లట్టే.

జనార్దనం


హానోవర్
6 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి జవాబు రాయకూడదనే అనుకున్నాను. “ఇప్పుడొద్దు” అన్నమాట నిజమే. వద్దన్నా వస్తావనుకున్నాను. రాకపోయేసరికి నీ మీద కోపం పెంచుకుంటూ పోయాను. ఆయన మంచం పట్టిన ఆ వేళ ఎవరైనా సరిగ్గా మాట్లాడగలరా? ఇంతటితో సరిపెట్టుకో.

ఈ ఉత్తరం వేరే పని మీద. ఇవాళ పొద్దున్న అస్తేర్ మేడ మీదకొచ్చి నా సోఫాలో కూర్చుని ఒకటే నవ్వు. మొన్న శుక్రవారం ‘చెయ్యి కడుక్కున్న పెద్దాయన’ ఒక్కడే వచ్చాడంది. నేను నమ్మలేదు. బట్టతల, బుగ్గ మీద పుట్టుమచ్చ, చేతిలో పెరుగు డబ్బా అనేసరికి నమ్మక తప్పలేదు.

అదే బుట్ట ముందు కూర్చున్నావట. వేలితో చూపించి అన్నీ తెప్పించుకున్నావట. అడుగున నానిన అట్టు కూడా మిగల్చకుండా తిన్నావట. తిన్నాక ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని, చెంబు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నావట. చుట్టుపక్కలవాళ్ళు నీకు చెయ్యి నొప్పేమో అనుకున్నారట!

తర్వాత నీ పంతొమ్మిదేళ్ళ జర్మన్ మొత్తం ఖర్చుపెట్టి, “ఈశ్వర్‌కి ఏది పెట్టావు?” అని అడిగావట. ఆవిడ లోపలికి వెళ్ళి అదే షిరో, ఆయనకి చేసినట్టే పల్చగా చేసి తెచ్చింది. ముద్ద నీ నోటి దాకా తెచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, ఆముదం తాగే పిల్లాడిలా నోరు తెరిచావట. తినగానే తల దించుకున్నావట. ఏమైందని అడిగితే కళ్ళు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నావట.

అన్నయ్యా, మీ బావగారికి చేసే షిరోలో ఆవిడ కారం వేసేది కాదు.

మా గుమ్మం కింద దాకా వచ్చి, మెట్లెక్కకుండా రైలెక్కిపోయావు. వండి ఉంచేదాన్ని కదా, పప్పన్నం.

హారికకి చెప్పాను. విని ఏడ్చింది, తర్వాత ఫోను తీసి బుట్టల బొమ్మలు వెతకడం మొదలుపెట్టింది. మోయాల్సింది నువ్వే అంటోంది. శ్రీచరణ్‌కి ఆ రోజు పరీక్షట. అవతలి పక్కకి మనిషిని హారికే కుదిర్చింది. వాళ్ళ నాన్న తరఫున ఒకరు ఉండాలట. అస్తేర్ ఒప్పుకుంది. బియ్యం బస్తాలు ఒంటిచేత్తో దింపే మనిషి, నీ నడుముకి భయం లేదు.

నీ నంబరు బ్లాక్ తీసేశాను. ఐనా ఉత్తరమే రాయి. ఫోనులో నీ గొంతు వింటే మళ్ళీ తిడతాను.

నమస్కారాలతో,
ప్రవీణ


ఎష్‌బోర్న్
12 ఏప్రిల్ 2025

చెల్లాయి ప్రవీణకి ఆశీస్సులు.

ఆవిడ కారం వేసింది. నాకు తెలుసు, నేను తిన్నాను. ఇక ఈ విషయం మీద చర్చ లేదు.

హోటలు గురించి కూడా నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. కుర్చీలు ఇంకా మోకాలెత్తే ఉన్నాయి. సాంబ్రాణి వాసన నా కోటు వదల్లేదు, మీ వదిన దాన్ని బాల్కనీలో వేలాడదీసింది. అయితే నాతో మాట్లాడటం మొదలుపెట్టింది, పెళ్ళికి తనూ వస్తుంది. ఆ షిరో ఎలా చేస్తారో కనుక్కురమ్మంది. బొంబాయి చట్నీయే అన్నాను. “అయితే మీరే చేయండి” అంది.

మీరు కుదుర్చుకున్న పురోహితుడికి ఫోను చేశాను. మేనమామ పక్కన ఒక ఆడమనిషి, అదీ ఇథియోపియా ఆవిడ, బుట్ట పట్టుకోవచ్చా అని అడిగాను. ఎక్కడా లేదండీ అన్నాడు. ఎక్కడా లేకపోతే హానోవర్‌లో ఉంటుంది, మీరు మంత్రం చదవండి చాలు అన్నాను. నోరు నాకు ఇందుకైనా పనికొచ్చింది.

బుట్ట గట్టిది తీసుకో, పొడవు నాలుగడుగులకి తగ్గకూడదు. వాళ్ళ నాన్న పోలిక, పిల్ల పొడుగు.

ఇంకొక్కటి. ఇది అస్తేర్‌కి నువ్వే చెప్పు, నా జర్మన్ మీద నాకు నమ్మకం లేదు. మండపం చేరేదాకా రెండు చేతులూ బుట్ట మీదే ఉండాలి. దారిలో నాకు ముద్ద పెడతానని చెయ్యి వదిలిందంటే పిల్ల కింద పడుతుంది. దింపాక పెట్టమను. తింటాను.

మీ అన్నయ్య
జనార్దనం